రెండు సెట్లు, మధ్యలో ఒక మనిషి

ఆ రాత్రి నా ఎడమ చేతిలో ఫైర్ వాళ్ల రేడియో సెట్, కుడి చేతిలో అంబులెన్స్ వాళ్ల సెట్. నదికి వరద. ఒక ఇంటి పైకప్పు మీద చిక్కుకున్న ఐదుగురిని ఫైర్ టీమ్ పడవలో ఎక్కించుకుని వస్తోంది. ఆ ఐదుగురిలో ఒక పెద్దాయనకు ఊపిరి అందడం లేదు. పడవలోవాళ్లు చెప్పేది అంబులెన్స్‌కు వినపడదు. అంబులెన్స్ అడిగేది పడవకు వినపడదు. రెండు శాఖల రేడియోలూ వేర్వేరు ఫ్రీక్వెన్సీల మీద, వేర్వేరు పద్ధతుల్లో నడిచేవి. అందుకని కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న నేనే ఒక సెట్‌లో విన్నది రెండో సెట్‌లో తిరిగి చెప్పేవాణ్ణి.

"ఎడమ గట్టుకు వస్తున్నాం" అన్నారు పడవలోంచి. "ఎడమ గట్టుకు వెళ్లండన్నా" అని నేను అంబులెన్స్ డ్రైవర్‌కు చెప్పాను. నీళ్ల మీద పనిచేసేవాళ్లకు ఎడమ గట్టంటే ప్రవాహం పోయే వైపు తిరిగి నిలబడితే ఎడమ చేతి వైపు ఉండే గట్టు. డ్రైవర్ వంతెన దగ్గర ఎగువ వైపు తిరిగి ఉన్నాడు. తన ఎడమ వైపుకు వెళ్లిపోయాడు. పొరపాటు తెలిసేసరికి ఆ వంతెన మీద రాకపోకలు ఆపేశారు. చుట్టూ తిరిగి అవతలికి చేరడానికి 25 నిమిషాలు పట్టింది. పెద్దాయన బతికాడు. ఆ 25 నిమిషాలూ పడవ టీమ్‌లోని ఒక కుర్రాడు ఆయన్ని ఒళ్లో ఆనించుకుని కూర్చుని, నిమిషానికోసారి "అంబులెన్స్ ఎక్కడ సార్?" అని నన్ను అడుగుతూనే ఉన్నాడు. ఆ గొంతు నేను మర్చిపోలేదు.

తర్వాత చాలా రోజులు ఈ తప్పు ఎవరిదా అని ఆలోచించాను. నేను విన్నమాట విన్నట్టే చెప్పాను. పడవవాళ్లు సరైన మాటే అన్నారు. డ్రైవర్ తనకు అర్థమైనట్టు వెళ్లాడు. వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకోగలిగి ఉంటే డ్రైవర్ ఒక్క ప్రశ్న వేసేవాడు: "మీకు వంతెన ఏ చేతి వైపు కనిపిస్తోంది?" దానితో తేలిపోయేది. మధ్యలో నేనుండటంతో ఆ ప్రశ్న పుట్టలేదు. మధ్యమనిషి మాటను మోస్తాడు గానీ అనుమానాన్ని మోయలేడు. ఇంకో సంగతి కూడా ఉంది. ఒకవేళ ఇద్దరి సెట్లూ కలిసే ఉన్నాయనుకున్నా, ఆ ఇద్దరూ అంతకుముందు ఏనాడూ కలిసి పనిచేయలేదు. గట్టును ఏ పేరుతో పిలవాలో ముందుగా అనుకోలేదు.

ఈ రెండు సంగతులనూ కలిపి చూడటానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మొదట్లో నేనూ అందరిలాగే యంత్రాలదే తప్పనుకున్నాను. కొత్త సెట్లు కొని, అందరికీ ఒకే నెట్‌వర్క్ ఇస్తే చాలనుకున్నాను. ఇప్పుడు నా మాట వేరు. యంత్రాలు కలవాలి, అందులో సందేహం లేదు. కానీ ఆ కలిసిన యంత్రాన్ని మామూలు రోజున, చిన్న పనికి వాడే అలవాటు లేకపోతే పెద్ద రోజున దాన్ని ఎవరూ ముట్టుకోరు.

అసలు ఈ రేడియోలు ఎందుకు కలవవు? ఎవరో కావాలని విడదీయలేదు. ఒక్కో శాఖ తన అవసరాన్ని బట్టి, తన దగ్గర డబ్బున్నప్పుడు కొనుక్కుంది. 150 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే వీహెచ్ఎఫ్ బయలు ప్రదేశాల్లో, కొండల మీదుగా బాగా దూరం పోతుంది. దట్టమైన భవనాల మధ్య దానికంటే పై ఫ్రీక్వెన్సీలు మెరుగని చాలాచోట్ల 400 పైన, ఇంకొన్నిచోట్ల 700, 800 మెగాహెర్ట్జ్‌లో తీసుకున్నారు. పోలీసులకు తమ మాట బయటివాళ్లు వినకూడదు కాబట్టి ఎన్‌క్రిప్షన్ కావాలి. మంటల్లోకి వెళ్లే ఫైర్ మనిషికి చేతి గ్లవ్ తీయకుండా నొక్కగలిగే పెద్ద బటన్ కావాలి, టవర్ పోయినా పక్కవాడితో మాట్లాడగలగాలి. డిజిటల్ వచ్చాక ఈ చీలిక ఇంకో మెట్టు పెరిగింది. యూరప్‌లో టెట్రా, అమెరికాలో ప్రాజెక్ట్ 25 అనే డిజిటల్ రేడియో పద్ధతులు వచ్చాయి. ఈ రెండింటికీ ఒకదాని భాష ఒకదానికి తెలియదు. పోనీ రెండు శాఖలూ ఒకే పద్ధతి సెట్లు కొన్నాయనుకుందాం. అప్పుడైనా ఎన్‌క్రిప్షన్ కీలు ఒకటే ఉండాలి, టాక్‌గ్రూపులు, అంటే ఎవరెవరు కలిసి మాట్లాడుకోవాలో ఆ గుంపులు, రెండు సెట్లలోనూ ప్రోగ్రామ్ చేసి ఉండాలి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ సెట్లు రెండు పక్కపక్కనే పెట్టినా ఒకదాని మాట రెండోదానిలో వినపడకపోవడం నేను కళ్లారా చూశాను.

కలపడానికి దారులున్నాయి. గేట్‌వే అనే పెట్టె పెట్టి రెండు ఛానెళ్లను ప్యాచ్ చేయొచ్చు, అంటే ఒకదానికొకటి కలపొచ్చు. ఇక్కడ వచ్చిన మాట అక్కడ మళ్లీ ప్రసారమవుతుంది. ఇది నాలాంటి మధ్యమనిషిని తీసేసి ఆ చోట పెట్టెను పెట్టడం లాంటిది. ఎంతో మేలు. కానీ ప్యాచ్ తెరుచుకోవడానికి ఓ అర సెకను పట్టొచ్చు. బటన్ నొక్కగానే మాట మొదలుపెడితే మొదటి ముక్క ఎగిరిపోతుంది. అలాగే బటన్ మీంచి వేలు తొందరగా తీస్తే చివరి ముక్క పోతుంది.

మన భాషలో ఇది మరీ ప్రమాదం. "లోపలికి వెళ్లండి", "లోపలికి వెళ్లకండి". ఈ రెండింటికీ తేడా ఒక్క అక్షరం. చుట్టూ ఇంజిన్ చప్పుడు, సెట్‌లో గరగర, మొహానికి మాస్కు. ఆ "క" ఎవరికి వినపడుతుంది? "వెళ్లొచ్చు" అన్నా, "వెళ్లొద్దు" అన్నా అంతే. అందుకే మేం ఒక నియమం పెట్టుకున్నాం. రేడియోలో ఎవరినైనా ఆపాలంటే "ఆగండి, ఆగండి, ఆగండి" అనాలి. కాదనే మాటను క్రియ తోకకు తగిలించకూడదు. దీనికి పైసా ఖర్చు లేదు. మూడు శాఖల వాళ్లం ఒక గదిలో కూర్చుని ఒప్పుకోవడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. ఎవరి అలవాటు వారికి ప్రియం.

కోడ్ల సంగతీ అంతే. అమెరికాలో పోలీసులు, ఫైర్ వాళ్లు దశాబ్దాలుగా "10"తో మొదలయ్యే అంకెల కోడ్లు వాడుతూ వచ్చారు. తమలో తాము మాట్లాడుకునేటప్పుడు అవి వేగంగా, హాయిగా ఉంటాయి. చిక్కేమిటంటే ఒకే అంకెకు ఒక శాఖలో ఒక అర్థం, పక్క ఊరి శాఖలో ఇంకో అర్థం. చివరికి అక్కడి ఫెడరల్ ప్రభుత్వం 2006 నుంచి పలు శాఖలు కలిసి పనిచేసే ఘటనల్లో కోడ్లు వదిలి మామూలు మాటల్లో మాట్లాడాలని, లేదంటే సన్నద్ధత గ్రాంట్లకు ఇబ్బందని షరతు పెట్టింది. డబ్బుతో ముడిపెడితే తప్ప ఈ చిన్న మార్పు కూడా కదల్లేదన్నమాట.

యంత్రాల కంటే అలవాటు ముఖ్యమని నేను ఇంత గట్టిగా అనడానికి 2001 సెప్టెంబర్ 11న, ఒకే రోజున అమెరికాలోని రెండు ఊళ్లలో జరిగినది ఒక కారణం. మొదటి ఊరి కథ అంతకు చాలా ముందే మొదలైంది. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచు తుఫానులో ఎయిర్ ఫ్లోరిడా విమానం పొటోమాక్ నది మీది వంతెనను గుద్దుకుని నీళ్లలో పడింది. 78 మంది పోయారు. కాసేపటికే అదే ఊళ్లో మెట్రో రైలు పట్టాలు తప్పింది, అందులో ఇంకో ముగ్గురు. నదికి ఈ పక్కన ఒక ప్రభుత్వం, ఆ పక్కన ఇంకొకటి. సాయానికి పరిగెత్తుకొచ్చిన శాఖలకు ఒకరితో ఒకరు రేడియోలో మాట్లాడే వీలు సరిగా లేదు. ఆ అనుభవం తర్వాత ఆ ప్రాంతంలోని శాఖలు కూర్చుని పరస్పర సాయం ఒప్పందాలు, ఉమ్మడి ఛానెళ్లు, ఘటనాస్థలంలో ఎవరి కింద ఎవరు పనిచేయాలనే పద్ధతి ఏర్పాటు చేసుకున్నాయి. ఏళ్ల తరబడి వాటిని వాడుతూ వచ్చాయి. 2001 సెప్టెంబర్ 11న అక్కడి రక్షణ శాఖ కార్యాలయం పెంటగాన్ మీద దాడి జరిగినప్పుడు చుట్టుపక్కల నుంచి మొదట చేరుకున్న స్థానిక శాఖలు చాలావరకు ఇబ్బంది లేకుండా మాట్లాడుకోగలిగాయి. ఇబ్బంది ఆ తర్వాత వచ్చింది. ఆ ఏర్పాటులో ఎప్పుడూ భాగం కాని రాష్ట్ర, ఫెడరల్ బృందాలు వచ్చి చేరాక వచ్చింది.

అదే ఉదయం న్యూయార్క్‌లో పోలీసు హెలికాప్టర్ల నుంచి వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవర్ల పరిస్థితి కనిపిస్తోంది. ఆ హెచ్చరిక ఫైర్ ఛీఫ్‌లకు నేరుగా చేరే దారి లేదు. ఉత్తర టవర్ లాబీలో ఫైర్ రేడియోల బలం పెంచే రిపీటర్ పనిచేయడం లేదని ఛీఫ్‌లు అనుకుని దాన్ని వదిలేశారు. తర్వాత విచారణ కమిషన్ తేల్చిందేమిటంటే దానికి నొక్కాల్సిన బటన్లు రెండు, ఒకటే నొక్కారు. ఆ రోజు 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. అందరూ రేడియో వల్లే పోయారని నేననను, అలా అనడం అన్యాయం. పిలుపు విన్నా సహచరుల కోసం, గాయపడ్డవాళ్ల కోసం ఆగినవాళ్లున్నారు. కానీ దక్షిణ టవర్ 9:59కి కూలింది, ఉత్తర టవర్ 10:28కి. మధ్యలో 29 నిమిషాలున్నాయి. పక్క టవర్ కూలిపోయిందన్న సంగతే తెలియనివాళ్లు ఉత్తర టవర్ లోపల ఉన్నారు. ఆ 29 నిమిషాల గురించి చదివిన ప్రతిసారీ నాకు గుండె పట్టేసినట్టవుతుంది.

"మరి అందరికీ ఒకే నెట్‌వర్క్ ఇచ్చేస్తే సరిపోతుంది కదా?" అని అడిగేవాళ్లున్నారు. మంచి ప్రశ్నే. నేనూ ఒకప్పుడు దాని కోసమే వాదించాను. ఇచ్చిన దేశాల్లో ఏం జరిగిందో చూద్దాం.

బ్రిటన్‌లో పోలీసు, ఫైర్, అంబులెన్స్ మూడూ ఎయిర్‌వేవ్ అనే ఒకే టెట్రా నెట్‌వర్క్ మీద ఉన్నాయి. మూడు సేవలూ కలిసి ఎలా పనిచేయాలో చెప్పే జెసిప్ అనే కార్యక్రమం కూడా 2012 నుంచి ఉంది. 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో బాంబు పేలి 22 మంది చనిపోయారు. ఫైర్ సర్వీస్ ఆ చోటికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. మూడు కంట్రోల్ రూములూ కలిసి మాట్లాడుకోవాల్సిన ఉమ్మడి టాక్‌గ్రూప్ ఏర్పాటే కాలేదు. పోలీసు కంట్రోల్‌లో అన్ని నిర్ణయాలూ ఒకే అధికారి మీద పడ్డాయి. మిగతా సేవలవాళ్లు ఆయనకు ఫోన్ చేస్తుంటే లైన్ దొరకలేదు. విచారణ జరిపిన జాన్ సాండర్స్ నివేదికలో ఈ భాగం చదువుతుంటే నాకు నా రెండు సెట్లే గుర్తొచ్చాయి. అక్కడ సెట్లన్నీ ఒకటే. అయినా ఒకే మనిషి దగ్గర మాట ఆగిపోయింది.

దక్షిణ కొరియా ఇంకా ముందుకు వెళ్లింది. 2014లో సెవోల్ నౌక మునిగి 304 మంది చనిపోయాక, అన్ని సంస్థలకూ కలిపి ఎల్‌టీఈ (4జీ మొబైల్ ఫోన్ల పద్ధతి) మీద దేశవ్యాప్తంగా ఒక విపత్తు భద్రతా నెట్‌వర్క్ కట్టింది. 2021లో అది పూర్తయింది. 2022 అక్టోబర్ 29న రాజధాని సియోల్‌లోని ఇటెవాన్ సందులో జనం తొక్కిడిలో 159 మంది ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి నెట్‌వర్క్ చెడిపోలేదు. ఒక్కో సంస్థ తన లోపల మాట్లాడుకోవడానికి దాన్ని వాడింది. సంస్థల మధ్య మాట్లాడుకోవడానికి, అంటే ఏ పని కోసం కట్టారో ఆ పనికి, సరిగా వాడలేదని ప్రభుత్వమే ఒప్పుకుంది.

ఈ సిబ్బందిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. టెన్షన్‌లో ఉన్నప్పుడు మనిషి చెయ్యి అలవాటైన చోటికే పోతుంది. నా షిఫ్టులోనే చూశాను. ఎదురుగా "ఉమ్మడి ఛానెల్" అని స్టిక్కర్ అంటించిన బటన్ ఉంది, అయినా పెద్ద యాక్సిడెంట్ కాల్ రాగానే మావాడు టెలిఫోన్ ఎత్తాడు. ఎందుకంటే మూడేళ్లుగా అతను ఫైర్ వాళ్లతో ఫోన్‌లోనే మాట్లాడుతున్నాడు. ఆ బటన్ నొక్కితే అవతల ఎవరు పలుకుతారో, అసలు పలుకుతారో లేదో అతనికి తెలియదు. తెలియనిదాన్ని ప్రాణాల మీదికొచ్చినప్పుడు మొదటిసారి పరీక్షించి చూడమంటే ఎవరు చూస్తారు?

ఒకే నెట్‌వర్క్ మీద నాకింకో భయం కూడా ఉంది. కలపడమంటే అందరి మాటా అందరికీ వినపడేలా చేయడం అనుకుంటే కొంప మునుగుతుంది. ఒక ఛానెల్‌లో ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు. అరవై మంది ఒకే ఛానెల్ మీదికి వస్తే ఇరుక్కున్న మనిషి అరిచే "కాపాడండి" కూడా వరుసలో నిలబడాల్సిందే. లోపల గొట్టం పట్టుకున్నవాళ్లు తమ టీమ్ ఛానెల్‌లోనే ఉండాలి. వాళ్ల నాయకులు పక్క శాఖ నాయకులతో ఒక ఉమ్మడి ఛానెల్‌లో ఉండాలి. కంట్రోల్ రూములకు మరొకటి. ఎవరు ఎవరితో మాట్లాడాలో ముందే రాసి పెట్టుకోవాలి. ఇది ఏ ఇంజనీరూ చేసిపెట్టే పని కాదు. శాఖల పెద్దలు కూర్చుని, "ఇక్కడ మీ మాట మేం వింటాం, అక్కడ మా మాట మీరు వినండి" అని ఒప్పుకోవాలి. నా అనుభవంలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే. సెట్ కొనడానికి సంతకం పెట్టే అధికారి దొరుకుతాడు. తన అధికారంలో కొంత పక్క శాఖకు వదులుకుంటానని సంతకం పెట్టే అధికారి దొరకడం కష్టం.

మొబైల్ ఫోన్ల పద్ధతిలో నడిచే కొత్త బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్‌ల గురించి ఒక్క మాట. అమెరికాలో 2012లో చట్టం చేసి ఫస్ట్‌నెట్ మొదలుపెట్టారు. బ్రిటన్ ఎయిర్‌వేవ్‌ను మార్చడానికి కొత్త నెట్‌వర్క్ తలపెట్టి ఏళ్ల తరబడి వాయిదాలు వేస్తూనే ఉంది. వీడియో, మ్యాపులు, ఫొటోలు వెంటనే పంపడానికి ఇవి చాలా బాగుంటాయి, రావాలి కూడా. కానీ టవర్ లేనప్పుడు సెట్ నుంచి సెట్‌కు నేరుగా మాట్లాడే పని పాత రేడియో చేసినంత నమ్మకంగా ఇవి చేయగలవని నిరూపణ అయ్యేదాకా పాత సెట్లు పారేయొద్దని నా మనవి. 2005లో కత్రినా తుఫాను టవర్లను, వాటి కరెంటును ఒకేసారి తీసుకుపోయింది. భూకంపమో, వరదో వచ్చినప్పుడు అన్నిటికంటే ముందు పోయేవి అవే.

దేశాల మధ్య దీన్ని బాగా చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. నార్వేకు నోడ్‌నెట్, స్వీడన్‌కు రాకెల్ అని వేర్వేరు జాతీయ నెట్‌వర్క్‌లున్నాయి. 2016లో ఆ రెండింటినీ కలిపారు. సరిహద్దు దాటి సాయానికి వెళ్లిన అంబులెన్స్ తన సెట్‌తోనే అవతలి దేశపు కంట్రోల్ రూమ్‌తో మాట్లాడొచ్చు. నాకు నచ్చింది ఏమిటంటే వాళ్లు ఏ దేశపు నెట్‌వర్క్‌నూ మింగేయలేదు. ఎవరిది వారికి ఉంచి, మధ్యలో తలుపు పెట్టారు. ఆ తలుపును ఎవరు ఎప్పుడు తీయాలో, ఉమ్మడి గ్రూపులు ఏవో, వాటిలో ఎలా మాట్లాడాలో రాసుకున్నారు. నార్వేకు ఈ విషయంలో పట్టుదల ఉండటానికి కారణముంది. 2011 జూలై 22న ఉటోయా దీవిలో కాల్పులు జరిగినప్పుడు ఓస్లో పోలీసుల దగ్గర కొత్త డిజిటల్ నెట్‌వర్క్ ఉంది, దీవి ఉన్న పక్క జిల్లా పోలీసులకు అది ఇంకా రాలేదు. ఎక్కడ కలుసుకోవాలన్న దగ్గర కూడా పొరపాటు పడ్డారు. ఆ భాగం చదివినప్పుడు నా ఎడమ గట్టు, కుడి గట్టు మళ్లీ కళ్లముందుకొచ్చాయి.

వరద తర్వాత ఏడాదికి మాకూ ఒక గేట్‌వే వచ్చింది. ప్రారంభం రోజున ఫొటోలు దిగారు. ఆ వారమే నేను, ఫైర్ కంట్రోల్‌లో పనిచేసే ఒక మేడమ్, అంబులెన్స్ వైపు నుంచి ఒక తమ్ముడు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాం. ఎవరి ఆర్డరూ లేదు. రోజూ పొద్దున 7 గంటలకు, షిఫ్ట్ మారగానే, ఉమ్మడి ఛానెల్‌లో ఒకరినొకరు పిలుచుకోవాలి. పేరు చెప్పాలి, ఆ రోజు తమవైపు మూసిన రోడ్డు, పాడైన బండి, ఏదున్నా ఒక ముక్క చెప్పాలి. రెండు నిమిషాల పని. చిన్న చెత్తకుప్ప మంటకైనా, స్కూటర్ జారిపడ్డ కేసుకైనా ఫోన్ ఎత్తకుండా ఆ ఛానెల్‌లోనే మాట్లాడాలి. మొదట్లో మావాళ్లే విసుక్కున్నారు. పక్క జిల్లా కంట్రోల్ రూమ్ ఒకటి విని, మమ్మల్నీ కలుపుకోండన్నారు. వాళ్లతో నలుగురమయ్యాం.

మూడో నెలలో ఒక మంగళవారం పొద్దున పిలిస్తే అంబులెన్స్ వైపు నుంచి జవాబు లేదు. రెండోసారి పిలిచాం, మూడోసారి పిలిచాం. ఆ తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, నేను అప్పటి నుంచీ పలుకుతూనే ఉన్నాను, మీకు వినపడటం లేదా?" అన్నాడు. అంతకుముందు రోజు వాళ్ల సెట్లన్నిటికీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు. అందులో ఉమ్మడి ఛానెల్ సెట్టింగులు చెరిగిపోయాయి. తెర మీద ఛానెల్ పేరు మాత్రం అలాగే ఉంది. ఆ రోజు వానా లేదు, వరదా లేదు. మధ్యాహ్నానికల్లా టెక్నీషియన్ వెళ్లి సెట్లన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ ప్రోగ్రామ్ చేశాడు. బుధవారం పొద్దున 7 గంటలకు నలుగురం పలికాం.